పది వాక్యాల్లో మా నాన్న ఉద్యోగం

పోయిన ఏడాది ఒక ఆదివారం తెలుగు బడి నుంచి కారులో ఇంటికి వస్తుంటే మా అమ్మాయి వెనక సీట్లోంచి అడిగింది: "నాన్నా, నువ్వు ఆఫీసులో ఏం చేస్తావు?"

"సాఫ్ట్‌వేర్" అన్నాను, అందరు నాన్నల్లాగే.

"అది ఒక్క మాటే కదా! టీచరుగారు పది వాక్యాలు రాయమన్నారు. ఇంగ్లీషు మాటలు ఐదు కంటే ఎక్కువ ఉండకూడదట."

ఇంటికొచ్చి కాగితం ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. నా ఉద్యోగం పేరు చెప్పేసరికే లెక్క అయిపోయింది. డిస్ట్రిబ్యూటెడ్, బ్యాకెండ్, మైక్రోసర్వీసెస్, సాఫ్ట్‌వేర్, ఇంజినీర్: సరిగ్గా ఐదు! ఇన్నేళ్ళుగా అన్నం పెడుతున్న పని గురించి నా కూతురికి నా భాషలో పది వాక్యాలు చెప్పలేకపోయానంటే నాకే సిగ్గనిపించింది. ఈలోగా తను మొదటి వాక్యం రాసేసింది: "మా నాన్న రాత్రి ఫోను మోగితే లేచి కంప్యూటరు ముందు కూర్చుంటాడు."

ఎందుకు లేవాలి? ఎవరు పిలుస్తారు? మిగిలిన తొమ్మిది వాక్యాలూ ఆ ప్రశ్నకు జవాబే. మన బడి పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు ఇలాంటి పనే చేస్తున్నారు కాబట్టి, ఆ రోజు మా అమ్మాయికి చెప్పిందే ఇక్కడ అందరి కోసం రాస్తున్నాను.

తెర ముందు, తెర వెనుక

బడి వార్షికోత్సవం అందరికీ తెలిసినదే. వేదిక మీద పిల్లల నాటకం అరగంట. దానికోసం తెర వెనుక దుస్తులు, మైకులు, భోజనాలు, బహుమతుల పట్టిక, ఎంతమంది వస్తున్నారన్న లెక్క. మన ఫోనులో కనిపించే బొమ్మలూ బటన్లూ వేదిక లాంటివి. ఒక బటను నొక్కగానే దూరాన ఎక్కడో కంప్యూటర్లలో జరిగే పనంతా తెర వెనుక పని. దాన్నే బ్యాకెండ్ అంటారు. నేనుండేది అక్కడ.

మా బడి మొదలైన ఏడాది పిల్లలు పధ్నాలుగు మంది. ఉత్సవం మొత్తం ఒక దంపతులే నడిపారు. పులిహోర ఆవిడే కలిపారు, మైకు ఆయనే పెట్టారు, సర్టిఫికెట్ల మీద పేర్లు ఇద్దరూ కలిసి రాశారు. ఏం అడగాలన్నా ఒక్కరిని అడిగితే చాలు, అంతా వాళ్ళ తలలోనే ఉండేది. సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటిదాన్ని మోనోలిత్ అంటారు, అంటే ఒకే రాయి. మనకు కొత్త మాట కాదు. ఓరుగల్లుకు ఏకశిలానగరం అన్న పేరు అందరికీ తెలుసు. అన్ని పనులూ ఒకే ప్రోగ్రాములో కలిసి ఉంటే అది ఏకశిల.

ఏకశిలలో సుఖం ఉంది, చిక్కూ ఉంది. ఆవిడకు జ్వరం వస్తే ఉత్సవమే ఆగిపోతుంది. ఇప్పుడు మన బడిలో పిల్లలు ఎన్నో రెట్లు పెరిగారు. అందుకే భోజనాలకో బృందం, వేదికకో బృందం, ప్రవేశానికో బృందం ఉన్నాయి. ఎవరి నోటుపుస్తకం వారిది. భోజనాల లెక్క కావాలంటే ప్రవేశం బృందం వాళ్ళు ఆ పుస్తకం లాక్కుని చూడరు, చీటీ రాసి అడుగుతారు. పెద్ద ప్రోగ్రామును ఇలా చిన్న చిన్న స్వతంత్ర ప్రోగ్రాములుగా విడగొట్టి, వాటిని వేరు వేరు కంప్యూటర్లలో నడిపితే అవే మైక్రోసర్వీసులు. తెలుగులో 'చిరుసేవలు' అనుకుందాం.

ఈ పోలిక నా సొంత తెలివి కాదు. మెల్విన్ కాన్వే అనే ఆయన 1968లోనే ఒక వ్యాసంలో, ఏ సంస్థ తయారుచేసే వ్యవస్థయినా ఆ సంస్థలోని మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరులోనే తయారవుతుందని గమనించాడు. కమిటీలు కొత్తవి ఎలా కనిపెడతాయన్నదే ఆ వ్యాసం శీర్షిక. మన బడి కమిటీ సభ్యులు చదవదగ్గది!

చిరుసేవల కథలో అందరూ చెప్పే ఉదాహరణ నెట్‌ఫ్లిక్స్. ఆ కంపెనీ ఒకప్పుడు డీవీడీలను పోస్టులో ఇళ్ళకు పంపేది. 2008 ఆగస్టులో వాళ్ళ ముఖ్యమైన డేటాబేసు పాడై, మూడు రోజులపాటు డీవీడీలు పంపలేకపోయారు. ఒక్క చోట దెబ్బతింటే అంతా ఆగిపోయే పద్ధతి ఇక పనికిరాదని నిర్ణయించుకుని, పనిని వందల చిరుసేవలుగా విడగొడుతూ అద్దె కంప్యూటర్ల మీదికి, అంటే క్లౌడ్ మీదికి, మార్చారు. 2016 జనవరికి గానీ ఆ మార్పు పూర్తి కాలేదు. ఈలోగా 2014లో జేమ్స్ లూయిస్, మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసంతో మైక్రోసర్వీసులన్న పేరు అందరి నోటా పడింది.

మా పనిముట్లు

వడ్రంగికి ఉలి, బాడిసె ఉన్నట్టు మాకూ పనిముట్లున్నాయి. పేర్లు వింటే భయం వేస్తుంది గానీ, ఒక్కొక్కటీ ఏ అవసరం కోసం పుట్టిందో తెలిస్తే ఏమీ లేదు.

మొదటిది చట్రం, అంటే ఫ్రేమ్‌వర్క్. మనం వార్షికోత్సవానికి హైస్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకుంటాం. వేదిక, తెర, దీపాలు, కుర్చీలు అక్కడే ఉంటాయి, నాటకం మాత్రం మనది. చట్రమూ అంతే. ప్రతి ప్రోగ్రాముకూ కావలసిన మామూలు ఏర్పాట్లన్నీ అది ముందే చేసి పెడుతుంది. జావా భాషలో రాసేవారికి 2014లో వచ్చిన స్ప్రింగ్ బూట్ అలాంటిది. గూగుల్ 2009లో విడుదల చేసిన గో భాషలోనైతే ఇలాంటి ఏర్పాట్లు చాలావరకు భాషతోపాటే వస్తాయి.

రెండోది చీటీ రాసే పద్ధతి. పేరు ఎక్కడ రాయాలి, ఎన్ని ప్లేట్లు అన్నది ఎక్కడ రాయాలి అన్నది ముందే ఒప్పుకోకపోతే చీటీ అవతలివాళ్ళకు అర్థం కాదు. రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పరిశోధనా గ్రంథంలో వివరించిన రెస్ట్ ఒక పద్ధతి. గూగుల్ 2015లో అందరికీ ఇచ్చిన జీఆర్‌పీసీ ఇంకొకటి.

మూడోది వరస. వంటబృందం తీరిక లేకుండా ఉంటే చీటీ పట్టుకుని ఎదురుగా నిలబడనక్కర్లేదు. పాత ఆఫీసుల్లో ఇనుప ఊచకు కాగితాలు గుచ్చేవారు చూడండి, అలా గుచ్చి వెళ్ళిపోతే వాళ్ళు ఒక్కొక్కటే తీసి చేస్తారు. 2007లో వచ్చిన ర్యాబిట్‌ఎంక్యూ చేసే పని ఇదే. లింక్డిన్‌లో పుట్టి 2011లో అందరికీ అందిన కాఫ్కా కొంచెం వేరు. మన పెద్దవాళ్ళ దుకాణాల్లో చిట్టా పుస్తకం ఉండేది కదా, జరిగినది జరిగినట్టు వరసగా రాసి పెట్టేది. కాఫ్కా అలాంటి చిట్టా. ఒకరు చదివినంత మాత్రాన అందులోది చెరిగిపోదు. మనం పెట్టిన గడువు వరకు ఉంటుంది, ఎంతమందైనా వచ్చి చదువుకోవచ్చు.

నాలుగోది క్యారియరు. అన్నం, కూర, పెరుగు, చెంచాతో సహా సర్దిన టిఫిన్ క్యారియరు ఎక్కడ విప్పినా భోజనమే. ప్రోగ్రామును దానికి కావలసిన సరంజామాతో సహా ఒక పెట్టెలో సర్దేది 2013లో వచ్చిన డాకర్. మరి వేల పెట్టెలుంటే ఏది ఏ కంప్యూటరులో నడవాలి, ఒకటి పడిపోతే దాని చోట ఇంకొకటి ఎవరు లేపాలి? ఆ పెత్తనం 2014లో గూగుల్ బయటపెట్టిన కుబెర్నెటిస్‌ది. గ్రీకు భాషలో ఆ మాటకు ఓడ చుక్కాని పట్టేవాడని అర్థం. మన భాషలో కర్ణధారి!

ఐదోది చిరునామాల పుస్తకం. ఏ బృందం ఏ గదిలో ఉందో తెలియకపోతే చీటీ ఎవరికి ఇస్తాం? ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. 2025 అక్టోబరు 20న అమెజాన్ వారి క్లౌడ్‌లో ఉత్తర వర్జీనియా ప్రాంతంలో ఒక ముఖ్యమైన డేటాబేసు సేవ చిరునామా ఖాళీ అయిపోయింది. చిరునామాలను తాజాగా ఉంచే రెండు ప్రోగ్రాములు ఒకదాని పని మీద ఇంకొకటి పడడమే కారణం. ఆ రోజు స్నాప్‌చాట్, రోబ్లాక్స్, డ్యుయోలింగో లాంటివెన్నో పనిచేయలేదు. డేటాబేసు కాలిపోలేదు, కూలిపోలేదు. ఎక్కడుందో చెప్పే కాగితం మీద ఏమీ లేదు, అంతే.

ఆరోది ఫ్యూజు. ఇంట్లో కరెంటు ఎక్కువైతే ఫ్యూజు పోతుంది, ఇల్లు మిగులుతుంది. దోసెల కౌంటరులో పొయ్యి ఆరిపోతే ఇంకా జనాన్ని అటే పంపడం తెలివితక్కువ. కాసేపు ఇడ్లీల వైపు పంపి, మధ్యమధ్య పొయ్యి వెలిగిందేమో చూడాలి. దీన్ని సర్క్యూట్ బ్రేకర్ అంటారు. నెట్‌ఫ్లిక్స్ వారు 2012లో విడుదల చేసిన హిస్ట్రిక్స్ దీనికి పేరుపడింది. 2018 తర్వాత దానికి కొత్త హంగులు చేర్చడం మానేశారు, జావా వాళ్ళు రెజిలియెన్స్‌ఫోర్‌జే లాంటివి వాడుతున్నారు. వీళ్ళే కేయాస్ మంకీ అని ఒక కోతి ప్రోగ్రామునూ తయారుచేశారు. అది ఆఫీసు వేళల్లో, అందరూ మేలుకుని ఉండగా, నడుస్తున్న కంప్యూటర్లలో ఏదో ఒకదాన్ని కావాలనే ఆపేస్తుంది. ఒకటి ఆగినా మిగతావి నడుస్తాయో లేదో ముందే తెలుసుకోవడానికన్నమాట. మా అమ్మాయికి అన్నిటికంటే ఈ కోతే నచ్చింది.

ఏడోది జాడ. ఒక చీటీ ఆరు బృందాలు తిరిగి ఆలస్యంగా వస్తే ఆలస్యం ఎవరి దగ్గర జరిగింది? మొదట్లోనే చీటీకి ఒక నంబరు వేసి, ప్రతివారూ ఆ నంబరు పక్కన ఎప్పుడు అందిందో, ఎప్పుడు పంపారో రాస్తే తెలిసిపోతుంది. గూగుల్ వారు డ్యాపర్ పేరుతో తమ పద్ధతిని 2010లో ఒక పత్రంగా ప్రచురించారు. 2019లో మొదలైన ఓపెన్‌టెలిమెట్రీ ఇప్పుడు అందరూ కలిసి వాడుకునే పద్ధతి అయింది. రాత్రి ఫోను మోగినప్పుడు నేను మొదట చూసేది ఈ జాడలనే.

పులిహోర పాఠం

ఇన్ని పనిముట్లున్నా ఒక చిక్కు మాత్రం ఏ పనిముట్టూ తనంతట తాను తీర్చలేదు. పీటర్ డాయిష్ అనే ఆయన 1994లో, ఇలాంటి వ్యవస్థలు కట్టేవాళ్ళు పొరపాటుగా నమ్మే విషయాల పట్టిక ఒకటి రాశాడు. అందులో మొదటిది: కంప్యూటర్ల మధ్య దారి ఎప్పుడూ చెడిపోదన్న నమ్మకం.

ఆ దారి చెడితే ఏమవుతుందో మా బడిలో అందరికీ తెలుసు. మూడేళ్ళ కిందట వార్షికోత్సవానికి పది ట్రేల పులిహోర కావాలని ఒక రెస్టారెంటుకు ఫోను చేశాం. చెప్పడం పూర్తయిందో లేదో, ఫోను కట్ అయిపోయింది. విన్నారో లేదోనని మళ్ళీ చేసి పది ట్రేలు చెప్పాం. ఈసారి ఫోను ఎత్తింది వేరే ఆయన. సాయంత్రానికి ఇరవై ట్రేలు దిగాయి! ఆ వారమంతా ఎవరింటికి వెళ్ళినా పులిహోరే.

జవాబు రాకపోతే ముఖ్యంగా రెండు విషయాలు జరిగి ఉండవచ్చు. మన మాట అటు చేరకపోయి ఉండవచ్చు. లేదా మాట చేరి, పని జరిగి, జవాబు మాత్రం ఇటు రాకపోయి ఉండవచ్చు. ఇటువైపు నిలబడినవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకే కంప్యూటరులో ఏకశిలగా ఉన్నప్పుడు ఈ అనుమానం దాదాపు రాదు. పనిని విడగొట్టిన మరుక్షణం అడుగడుగునా వస్తుంది.

"నువ్వెప్పుడైనా అలా రెండుసార్లు చెప్పావా?" అని అడిగింది మా అమ్మాయి. చెప్పాను. దాచడం ఎందుకు, ఇక్కడా చెబుతున్నాను.

చాలా ఏళ్ళ కిందట ఒక కంపెనీలో, సరుకులు కొన్నవారి దగ్గర డబ్బు తీసుకునే భాగం మా బృందం చూసేది. అవతలి సేవ కొన్ని క్షణాల్లో జవాబు ఇవ్వకపోతే మళ్ళీ అడగమని ఒక వరుస రాశాను. చూడ్డానికి మంచి పనే. ఒక శుక్రవారం సాయంత్రం అవతలి సేవ ఆగిపోలేదు, నెమ్మదించింది. డబ్బు తీసుకుంటూనే ఉంది, తీసుకున్నానని చెప్పడం మాత్రం ఆలస్యమైంది. నా ప్రోగ్రాము మళ్ళీ అడిగింది. అది మళ్ళీ తీసుకుంది. మేము గమనించేసరికి చాలామంది ఖాతాల్లో డబ్బు రెండుసార్లు పోయింది. వాళ్ళలో ఒకాయన ఇంటద్దె చెక్కు డబ్బు చాలక వెనక్కి వెళ్ళింది. అందరికీ డబ్బు తిరిగి ఇచ్చాం. కానీ ఆయన ఇంటి యజమాని ముందు పడ్డ అవమానాన్ని వెనక్కి తీసుకోలేం కదా.

"నిన్ను తిట్టారా?"

"లేదు. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో రాసి అందరి ముందూ చదవమన్నారు."

"అది తిట్టడం కంటే ఎక్కువ" అంది.

ఒక్క నంబరు

మరి మందేమిటి? మా అమ్మాయే చెప్పింది. "ఫోను చేసినప్పుడు 'ఇది మా 27వ నంబరు చీటీ' అని చెబితే, రెండోసారి చేసినా, ఆ 27 ఇందాకే రాసుకున్నామండీ అంటారు కదా!"

సరిగ్గా అంతే. డబ్బు అడిగే ప్రతి చీటీకీ ముందే ఒక నంబరు వేయాలి. మళ్ళీ అడిగినప్పుడు అదే నంబరుతో అడగాలి. అవతలివారు ఆ నంబరు తమ పుస్తకంలో ఉందో లేదో చూసి, ఉంటే పని చేయకుండా పాత జవాబే మళ్ళీ చెప్పాలి. ఎన్నిసార్లు చెప్పినా ఒక్కసారే జరిగే ఈ గుణాన్ని ఐడెంపొటెన్సీ అంటారు. పిల్లలకు ఇంకా తేలిక ఉదాహరణ: 'లైటు వెలిగించు' అని రెండుసార్లు చెప్పినా లైటు వెలిగే ఉంటుంది. 'స్విచ్ ఇటుదటు చెయ్యి' అని రెండుసార్లు చెబితే ఆరిపోతుంది. మొదటి రకం మాటలతో వ్యవస్థ కట్టాలి.

మా తాతగారికి ఈ మాట తెలియదు గానీ విషయం తెలుసు. పట్నం నుంచి పల్లెకు మనియార్డరు పంపితే, డబ్బు అందుకున్నవారి సంతకంతో చిన్న కాగితం తిరిగి వచ్చేది. అది రాకపోతే ఆయన మళ్ళీ డబ్బు పంపేవారు కాదు. రసీదు నంబరు పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళి అడిగేవారు.

ఇప్పుడు మన ఊళ్ళలో మనియార్డరు చోట యూపీఐ వచ్చింది. సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మమ్మ రైతుబజారులో ఫోను చూపించి వంకాయలు కొనడం మా అమ్మాయి చూసింది. ఆ ఒక్క క్షణంలో అమ్మమ్మ బ్యాంకు, మధ్యలో ఎన్‌పీసీఐ, దుకాణదారు బ్యాంకు, ఇలా వేరు వేరు సంస్థల కంప్యూటర్లు చీటీలు మార్చుకుంటాయి. 2016లో మొదలైన ఈ పద్ధతిలో 2023 ఆగస్టు ఒక్క నెలలోనే లావాదేవీలు వెయ్యి కోట్లు దాటాయి. ప్రతిదానికీ దాని నంబరు ఉంటుంది. ఇటు డబ్బు పోయి అటు చేరకపోతే ఏం చేయాలో రిజర్వు బ్యాంకు 2019లో గడువులు పెట్టింది. మనిషికి మనిషి పంపినదైతే మరుసటి రోజులోగా, దుకాణానికి పంపినదైతే ఐదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం. జవాబు రాని రోజు వస్తుందని ముందే ఒప్పుకుని రాసిన నియమం అది. అందుకే నాకు నచ్చుతుంది.

అన్నిటికీ విడగొట్టాలా?

అక్కర్లేదు. పధ్నాలుగు మంది పిల్లలున్న బడికి ఏడు బృందాలు పెడితే పిల్లల కంటే చీటీలు ఎక్కువవుతాయి. అమెజాన్ వారి ప్రైమ్ వీడియోలో వీడియో నాణ్యత పరీక్షించే ఒక బృందం 2023లో, విడివిడిగా ఉన్న తమ భాగాలను మళ్ళీ ఒకే ప్రోగ్రాముగా కలిపామనీ, దానితో ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందనీ రాసింది. చిరుసేవలకు పేరు తెచ్చిన ఫౌలరే, మొదట ఏకశిలగా మొదలుపెట్టి అవసరమైతేనే విడగొట్టమని 2015లో సలహా ఇచ్చాడు. ఉమ్మడి కుటుంబమా, వేరు కాపురాలా అన్నది ఇంట్లో మనుషులను బట్టి ఉంటుంది. వేరుపడితే మాత్రం ఉత్తరాలు తప్పిపోతాయని తెలిసే వేరుపడాలి.

చివరికి హోంవర్కు ఇలా తయారైంది. ఒక్క మాట కూడా నేను దిద్దలేదు.

"మా నాన్న రాత్రి ఫోను మోగితే లేచి కంప్యూటరు ముందు కూర్చుంటాడు. మా నాన్నది తెర ముందు పని కాదు, తెర వెనుక పని. అక్కడ చాలామంది చిన్న పనివాళ్ళు ఉంటారు, కానీ వాళ్ళు మనుషులు కాదు. ఒకరి పుస్తకం ఇంకొకరు ముట్టుకోరు. వాళ్ళు చీటీలు రాసుకుంటారు. ఒకరికి జ్వరం వస్తే మిగతావాళ్ళు పని ఆపకూడదు. జవాబు రాకపోతే పని జరగలేదు అనుకోకూడదు. అందుకే ప్రతి చీటీకి నంబరు ఉండాలి. మా నాన్న ఒకసారి నంబరు వెయ్యడం మర్చిపోయాడు. ఇప్పుడు మర్చిపోడు."

టీచరుగారు పదికి తొమ్మిది మార్కులు వేశారు. 'ఫోను', 'కంప్యూటరు', 'నంబరు' తెలుగు మాటలేనని వాదించి మా అమ్మాయి గెలిచింది. తగ్గిన ఆ ఒక్క మార్కు ఎందుకంటే, నాన్నగారిని 'కూర్చుంటాడు' అనకూడదట, 'కూర్చుంటారు' అనాలట.